మా ఊరి చిన్న సర్కారు బడి: పిల్లల సంఖ్య, టీచర్ల పోస్టులపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పదిహేడేళ్లుగా మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలల్లో ఎస్జీటీగా (సెకండరీ గ్రేడ్ టీచర్‌గా) పనిచేస్తున్నాను. అందులో ఎక్కువ కాలం ముప్పై మంది కూడా పిల్లలు లేని బళ్లలోనే గడిచింది. జూన్‌లో ఇంటింటికీ తిరిగేటప్పుడు తల్లిదండ్రులు అడిగేవి, కాంప్లెక్స్ (దగ్గరి బళ్లన్నీ కలిపిన గుంపు) మీటింగుల్లో కొత్తగా వచ్చిన టీచర్లు అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. నోటితో చెప్పి చెప్పి, ఒకసారి కూర్చుని రాస్తే మేలనిపించింది. తెలంగాణ జీవోలు వేరు, ఆంధ్రప్రదేశ్ జీవోలు వేరు, పైగా అవి తరచూ మారుతుంటాయి. కేంద్ర చట్టం మాత్రం ఇద్దరికీ ఒకటే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

మా బడిలో 14 మందే పిల్లలు. ఒక్క టీచర్ చాలు కదా?

చాలదండి. ఇది నా అభిప్రాయం ఒక్కటే కాదు, చట్టంలో ఉన్నదే. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యా హక్కు చట్టం చివర్లో ఒక షెడ్యూలు ఉంటుంది. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఉన్న బడిలో 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 వరకు ముగ్గురు, 91 నుంచి 120 వరకు నలుగురు, 121 నుంచి 200 వరకు ఐదుగురు ఉండాలని అందులో ఉంది. 150 దాటితే వీళ్లకు తోడు ఒక హెడ్మాస్టర్. ఇందులో మొదటి వరుసను జాగ్రత్తగా చదవాలి. '60 వరకు ఇద్దరు' అన్నారే గానీ, కనీసం ఇంతమంది ఉంటేనే ఇద్దరు అని ఎక్కడా అనలేదు. 14 మంది ఉన్నా, 9 మంది ఉన్నా ఆ వరుసలోకే వస్తారు.

ఈ ఆలోచన ఆ చట్టంతో పుట్టింది కూడా కాదు. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలుపెట్టినప్పుడే ఒక్క టీచర్ ఉన్న ప్రతి ప్రాథమిక బడికీ రెండో టీచర్ని ఇవ్వాలని, వీలైనంత వరకు ఇద్దరిలో ఒకరు మహిళ అయ్యుండాలని అనుకున్నారు. అప్పటికి నేను పలక పట్టుకుని బడికి వెళ్తున్న వయసులో ఉన్నాను. ఇప్పుడు అదే రెండో టీచర్ కోసం నేను దరఖాస్తులు రాస్తున్నాను.

మరి మా బడికి ఒక్కరినే ఎందుకు ఉంచారు?

రేషనలైజేషన్ వల్ల. పోస్టు ఊరికి శాశ్వతంగా రాసిచ్చింది కాదు, పిల్లల సంఖ్యను బట్టి దాన్ని జరుపుతుంటారు. రాష్ట్ర ప్రభుత్వం జీవోలో ఒక సంఖ్య పెట్టుకుంటుంది, మీ రోల్ (బడి రిజిస్టర్‌లో ఉన్న పిల్లల సంఖ్య) దానికంటే తగ్గితే ఒక్క పోస్టే మిగులుతుంది, రెండో టీచర్ని 'మిగులు' కింద చూపించి అవసరం ఉన్న ఇంకో బడికి పంపుతారు. ఆ సంఖ్య జీవో మారినప్పుడల్లా మారుతుంది కాబట్టి ఇక్కడ రాయడం లేదు, ఈ ఏడాది ఎంత ఉందో మీ ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసులో అడిగితే చెబుతారు.

అధికారుల వైపు నుంచి కూడా చూడాలి. 14 మందికి ఇద్దరంటే ఒక్కొక్కరికి ఏడుగురు. పక్క ఊళ్లో 90 మందికి ఒక్కరే ఉంటే, అక్కడి పిల్లలూ పిల్లలే కదా. ఆ బాధను నేను కొట్టిపారేయను. కానీ వాళ్లు వేసే లెక్కలోనే పొరపాటుంది. వాళ్లు పిల్లల్ని లెక్కపెడుతున్నారు, బడిలో పని మాత్రం తరగతుల చొప్పున ఉంటుంది. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, లెక్కలు. మూడు, నాలుగు, ఐదు తరగతులకు వీటికి తోడు పరిసరాల విజ్ఞానం. మొత్తం ఐదు తరగతులు, 18 సబ్జెక్టులు. పిల్లలు 14 మంది ఉన్నా 40 మంది ఉన్నా ఈ 18 తగ్గవు.

ఇలాంటి బళ్లు చాలా ఉన్నాయా, మా ఊరి ఖర్మేనా?

మీ ఊరొక్కటే కాదు. 2024-25 యూడైస్ ప్లస్ (దేశంలోని బళ్లన్నిటి వివరాలు ఏటా సేకరించే కేంద్ర ప్రభుత్వ లెక్క) ప్రకారం దేశంలో 1,04,125 బళ్లు ఒక్క టీచర్‌తో నడుస్తున్నాయి. వాటిలో 33,76,769 మంది పిల్లలు చదువుతున్నారు, అంటే సగటున బడికి 32 మంది. రాష్ట్రాల వారీగా చూస్తే ఇలాంటి బళ్లు అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఆంధ్రప్రదేశ్‌లోనే, 12,912. ఒక్క పిల్లాడు కూడా లేని బళ్లు దేశం మొత్తం మీద 7,993 ఉంటే, పశ్చిమ బెంగాల్‌లో 3,812, దాని తర్వాత తెలంగాణలో 2,245. అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఈ రెండు లెక్కలూ దేశవ్యాప్తంగా తగ్గాయి. తగ్గిన వాటిలో రెండో టీచర్ వచ్చినందుకు లెక్కలోంచి పోయినవెన్నో, పక్క బడిలో కలిపేసినందుకు పోయినవెన్నో విడదీసి చూడకుండా సంతోషపడలేను.

పిల్లలు ఎందుకు తగ్గుతున్నారు? టీచర్లు సరిగా చెప్పకపోవడం వల్లేనా?

ఈ ప్రశ్న అడిగేటప్పుడు చాలామంది నా మొహంలోకి సూటిగా చూడరు. నిజాయితీగా చెబుతాను, చెప్పని టీచర్లున్న చోట పిల్లలు వెళ్లిపోయారు. అది ఒప్పుకోవాలి. కానీ కారణం అదొక్కటే అయితే బాగా చెప్పే చోట పిల్లలు నిండిపోవాలి కదా, అలా జరగడం లేదు.

మొదటిది, అసలు పుట్టే పిల్లలే తగ్గారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక మహిళకు సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. మరీ చిన్న ఊళ్లో దీని అర్థం ఏడాదికి ఒకరో ఇద్దరో ఒకటో తరగతికి వచ్చే వయసు పిల్లలు ఉండటం. వాళ్లలో ఒక్కరు ప్రైవేటు బడి వ్యాన్ ఎక్కినా మాకు సగం తరగతి పోయినట్లే. పనుల కోసం పట్నం వెళ్లిపోయే కుటుంబాలు దీనికి అదనం.

రెండోది, నా దృష్టిలో అన్నిటికంటే పెద్దది, మూడేళ్లకే మొదలయ్యే నర్సరీ. ప్రైవేటు బడి మూడేళ్ల పాపను తీసుకుంటుంది. మా బడిలో చాలాచోట్ల ఒకటో తరగతి నుంచే మొదలు. ఈ మధ్య కొన్ని సర్కారు బళ్లలో ప్రీప్రైమరీ పెట్టారు గానీ అది ఇంకా అన్నిచోట్లకూ రాలేదు. పాప అక్కడ ఎల్‌కేజీ, యూకేజీ చదివి, ఆ వ్యాన్ డ్రైవర్ అన్నకు, ఆ యూనిఫాంకు, పక్కింటి పిల్లలతో కలిసి వెళ్లడానికి అలవాటు పడిపోయాక నేను జూన్‌లో వెళ్లి మా బడికి పంపండమ్మా అంటే ఆ తల్లి ఏం చేయగలదు? మేం ఇంటికి వెళ్లేసరికే రెండు మూడేళ్లు ఆలస్యం అయిపోయి ఉంటుంది.

ఇక మూడోది, ఒక్క టీచర్. నేను పనిచేసిన ఒక బడిలో 31 మంది ఉండేవాళ్లు, ఇద్దరం ఉండేవాళ్లం. ఒక ఏడాది రేషనలైజేషన్‌లో రెండో మేడమ్‌ని పంపేశారు. తర్వాతి జూన్‌కి 19 మంది, ఆ మరుసటి ఏడాది 11. ఊళ్లో ఎవరూ నాతో గొడవపడలేదు, ఒక్కో ఇంటి ముందు వ్యాన్ ఆగడం మొదలైంది, అంతే. ఒక తండ్రి మాత్రం చెప్పాడు: 'సార్, మీరు మంచోళ్లే, కానీ మీరొక్కరే.' పిల్లలు తగ్గారని టీచర్ని తీసేస్తారు, టీచర్ లేరని పిల్లలు వెళ్లిపోతారు, మళ్లీ పిల్లలు తగ్గారనే రాస్తారు. ఎంత తగ్గారో రాసే కాగితంలో టీచర్ని ఎప్పుడు తీశారో రాసే గడి ఉండదు. నేను పదే పదే అడిగేది ఆ గడి గురించే. ముందు ఇద్దరు టీచర్లను ఇవ్వండి, రెండేళ్లు కదపకండి, ఆ తర్వాత పిల్లల్ని లెక్కపెట్టండి.

ఒక్క టీచర్ ఐదు తరగతులకు ఎలా చెబుతారు?

ముందు ఒక లెక్క చూడండి. ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలని చట్టం చెబుతోంది. ఒక్కరే ఉంటే ఆ 800 గంటలు ఐదు తరగతులకు పంచాలి, అంటే ఒక్కో తరగతికి టీచర్ నేరుగా ఎదురుగా ఉండేది 160 గంటలు. మిగతా 640 గంటలు ఆ పిల్లలు బడిలోనే ఉంటారు కానీ టీచర్ ఇంకో తరగతితో ఉంటారు. ఆ 640 గంటల్లో పిల్లలు ఏం చేస్తారన్నదే చిన్న బడిలో అసలు ప్రశ్న.

దానికి మన దగ్గరే మంచి జవాబు ఉంది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో గ్రామీణ విద్యా కేంద్రం వాళ్లు ఒక టీచర్ నడిపే పల్లె బళ్ల కోసమే ఒక పద్ధతి తయారుచేశారు. తరగతి పుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, నిచ్చెన మెట్ల లాగా వరుసపెట్టి, పిల్లలు ఎవరి మెట్టు నుంచి వాళ్లు ముందుకు వెళ్లేలా చేశారు. ఒక మెట్టు టీచర్‌తో, ఒకటి తోటి పిల్లలతో, ఒకటి సొంతంగా. కర్ణాటకలో నలి కలి కార్యక్రమానికి, తమిళనాడులో కృత్యాధార బోధనకు ప్రేరణ ఇక్కడి నుంచే వెళ్లింది. మన పక్కనే పుట్టిన పద్ధతి మన టీచర్ ట్రైనింగుల్లో ఒక పూట కూడా దొరకకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నేను చేసేది చెబుతాను. ఐదు తరగతులుగా కాకుండా రెండు గుంపులుగా కూర్చోబెడతాను, ఒకటి రెండు తరగతులు ఒకటి, మూడు నాలుగు ఐదు ఇంకొకటి. పొద్దున మొదటి గంట చిన్నవాళ్లకే, ఎందుకంటే వాళ్లకు సొంతంగా చేసుకునే పని ఇవ్వలేం, చదవడం రాకపోతే కార్డు ఇచ్చినా చూస్తూ కూర్చుంటారు. ఆ సమయంలో పెద్దవాళ్లకు నిన్నటి లెక్కలు, డిక్షనరీ పని, గోడ మీద రాసిన ప్రశ్నలు. పరిసరాల విజ్ఞానం మూడు తరగతులకు ఒకే అంశం పెట్టి చెబుతాను, నీళ్లు అంటే ముగ్గురికీ నీళ్లే, రాసే పనిలోనే తేడా. ఐదో తరగతి వాళ్లు ఒకటో తరగతి వాళ్లకు అక్షరాలు దిద్దించడం మంచిదే కానీ రోజుకు పావుగంటకు మించనివ్వను. వాళ్లు కూడా చదువుకోవడానికే వచ్చారు, నాకు సహాయకులుగా రాలేదు.

ఇద్దరు టీచర్లు ఉంటే ఇదే పని ఎంత తేలికవుతుందో చేసినవాళ్లకే తెలుస్తుంది. ఒకటి రెండు తరగతులు ఒకరివి, మూడు నుంచి ఐదు ఇంకొకరివి. చదవడం రాని పిల్లలు మూడో తరగతికి రావడం దాదాపు ఆగిపోతుంది.

ఉన్న ఒక్క టీచర్ సెలవు పెడితే?

కాంప్లెక్స్ పరిధిలో ఇంకో బడి నుంచి ఒకరిని ఆ రోజుకు పంపాలి. కాంప్లెక్స్ హెచ్ఎంకు ముందుగా చెబితే చాలావరకు సర్దుతారు. అయితే పంపే బడిలోనూ ఇద్దరే ఉంటే అక్కడ ఒక్కరైపోతారు. జ్వరం వచ్చినప్పుడు నేను మాత్ర వేసుకుని వెళ్లిన రోజులున్నాయి, అది గొప్పగా చెప్పుకోవడానికి కాదు, అలా వెళ్లిన రోజు పిల్లలకు కూడా ఏమీ చెప్పలేకపోయాను. ప్రసూతి సెలవు లాంటి పొడవైన సెలవైతే డిప్యుటేషన్ (ఇంకో బడి టీచర్ని తాత్కాలికంగా పంపడం) ఇవ్వాలని లిఖితపూర్వకంగా అడగాలి. తెలంగాణలో విద్యా వాలంటీర్లు, ఆంధ్రాలో అకడమిక్ ఇన్‌స్ట్రక్టర్లు అనే తాత్కాలిక ఏర్పాట్లు కొన్నేళ్లు ఉంటాయి, కొన్నేళ్లు ఉండవు, వాటి మీద ఆధారపడలేం.

ఖాళీ పోస్టుల మీద చట్టంలో ఏమైనా ఉందా?

ఉంది. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు 10 శాతం దాటకూడదని 26వ సెక్షన్ చెబుతోంది. ఇది ఒక్కో బడికీ వర్తించేలా రాసిన సెక్షన్. రెండు పోస్టులున్న బడిలో ఒకటి ఖాళీ అయితే అది 50 శాతం. జిల్లా మొత్తం సగటు చూసి అంతా బాగానే ఉందనుకుంటే ఈ 50 శాతం కనిపించదు. మీ దరఖాస్తులో ఈ ఒక్క వాక్యం తప్పకుండా రాయండి.

రోల్‌లో పది పేర్లు ఎక్కువ ఉంచితే పోస్టు నిలుస్తుంది కదా, ఎందుకు ఉంచరు?

ఊరి పెద్దలు మంచి మనసుతోనే ఇది అడుగుతారు. నేను చేయను, ఎవరినీ చేయొద్దని చెబుతాను. ఇప్పుడు ప్రతి పిల్లాడికీ ఆధార్‌తో, యూడైస్‌లో విడి నంబరుతో లెక్క ఉంటుంది, ఒకే పేరు రెండు బళ్లలో కనిపిస్తే తెలిసిపోతుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, లేని పిల్లల పేరు మీద బియ్యం వస్తాయి, గుడ్లు వస్తాయి, ఆ లెక్క రాసేది టీచర్. ఒకసారి తప్పుడు లెక్క రాసిన చేత్తో రెండో టీచర్ కావాలని నిజం దరఖాస్తు రాస్తే ఎవరు నమ్ముతారు?

పిల్లల లెక్క ఏ తేదీది తీసుకుంటారు?

యూడైస్‌కు ఏళ్లుగా సెప్టెంబరు 30 నాటి సంఖ్యే ఆధారం. రేషనలైజేషన్‌కు ఏ తేదీ రోల్ తీసుకుంటారో ఆ జీవోలోనే ఉంటుంది. కాబట్టి బడికి పంపాలనుకుంటే జూన్ 12న బడి తెరిచిన మొదటి వారాల్లోనే చేర్చండి, దసరా తర్వాత చూద్దాం అనుకుంటే మీ పిల్లాడి చదువుకు ఇబ్బంది లేకపోయినా బడి లెక్కలో కనిపించడు.

ప్రైవేటు బడి వాళ్లు ఫీజు బాకీ ఉందని టీసీ ఇవ్వడం లేదు. చేర్చుకుంటారా?

చేర్చుకుంటాం. టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడం గానీ, ఆలస్యంగా చేర్చుకోవడం గానీ కుదరదని 5వ సెక్షన్ చెబుతోంది. వయసు ధ్రువీకరణ పత్రం లేదని వెనక్కి పంపకూడదని 14వ సెక్షన్. ఏ టీచరైనా టీసీ తెచ్చాకే రండి అంటే ఈ రెండు సెక్షన్లు చెప్పండి, గొడవ అక్కర్లేదు.

మా పాపకు నాలుగున్నరేళ్లు. మీ దగ్గర కూర్చోబెట్టుకోండి, వచ్చే ఏడాది రాసుకుందురు.

అడిగినప్పుడల్లా కాదనడం నాకు చాలా కష్టంగా ఉంటుంది, ఎందుకంటే కాదంటే ఆ పాప వ్యాన్ ఎక్కుతుందని తెలుసు. అయినా ఒక్క టీచర్ ఉన్న గదిలో నాలుగున్నరేళ్ల పాపను చూసుకోవడం ఆ పాపకే అన్యాయం. అంగన్‌వాడీకి పంపండి. అది బడి ఆవరణలోనే ఉంటే ఇంకా మంచిది, రోజూ మమ్మల్ని చూస్తూ పెరిగిన పిల్లలు ఒకటో తరగతికి ఏడుపు లేకుండా వస్తారు. నేను వారానికి రెండుసార్లు అంగన్‌వాడీకి వెళ్లి కథ చెబుతాను. నా బడిలో ఒకటో తరగతికి వచ్చే పిల్లల్లో ఎక్కువమంది అక్కడి నుంచే వస్తున్నారు.

టీచర్‌కు చదువు చెప్పడం కాకుండా ఇంకా ఏమేం పనులుంటాయి?

జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తు సహాయం. ఈ మూడు తప్ప చదువుతో సంబంధం లేని ఏ పనికీ టీచర్‌ని వాడకూడదని 27వ సెక్షన్ చెబుతోంది. చట్టం చెప్పని పని ఇంకోటుంది, ఫోను. పిల్లల హాజరు, భోజనం లెక్క, టీచర్ హాజరు, మరుగుదొడ్ల ఫోటోలు, పుస్తకాలు, యూనిఫాం వివరాలు, ఇవన్నీ యాప్‌లలో ఎక్కించాలి. 300 మంది ఉన్న బడిలోనూ ఇవే యాప్‌లు, 14 మంది ఉన్న బడిలోనూ ఇవే. అక్కడ పది మంది పంచుకుంటారు, ఇక్కడ ఒక్కరే. నెట్‌వర్క్ రాని ఊరైతే సిగ్నల్ కోసం గట్టు మీదకు వెళ్లాలి, ఆ పది నిమిషాలు పిల్లలు ఒంటరిగా ఉంటారు. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు, పై ఆఫీసులో కూర్చుని కొత్త యాప్ తయారుచేసేవాళ్లు ఈ ఒక్క టీచర్ బడిని మనసులో పెట్టుకోవాలని మాత్రం కోరుకుంటున్నాను.

ఇంత తక్కువమందికి కూడా భోజనం వండుతారా?

వండుతారు. 25 మంది వరకు ఒక వంటమనిషి, 26 నుంచి 100 వరకు ఇద్దరు అన్నది నిబంధన. ప్రాథమిక తరగతి పిల్లలకు రోజుకు తలకు 100 గ్రాముల బియ్యం. కూరలు, నూనె, గ్యాస్ డబ్బు తలల లెక్కన ఇస్తారు కాబట్టి 12 మందికి వచ్చే డబ్బుతో పొయ్యి వెలిగించడమే కష్టం. చిన్న బళ్లలో వండే అక్కలు ఏళ్ల తరబడి ఆ పని వదలకుండా చేస్తున్నారంటే అది పిల్లల మీద ప్రేమతోనే.

స్కూల్ గ్రాంట్ ఎంత వస్తుంది?

సమగ్ర శిక్ష (బళ్లకు నిధులిచ్చే కేంద్ర పథకం) కింద 30 మంది వరకు ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుంచి 100 వరకు 25,000. ఇందులోనే చాక్‌పీసులు, కరెంటు, చిన్న మరమ్మతులు, శుభ్రత. 30 నుంచి 31కి ఒక్క పిల్లాడి తేడా, 15,000 రూపాయల తేడా. చివరి అడ్మిషన్ కోసం మేం ఎందుకు అంత తాపత్రయపడతామో ఇప్పుడు అర్థమవుతుంది.

మా బడి మూసేస్తారా?

ఒక్క పిల్లాడున్నా బడి నడవాల్సిందే అన్నది నా నమ్మకం, అయితే నమ్మకంతో పని జరగదు కాబట్టి నిబంధన చెబుతాను. విద్యా హక్కు నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి ఇంటికి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. మీ బడిని ఇంకో దాంట్లో కలపాలంటే ముందు ఆ దూరం కొలవాలి. దగ్గర్లో బడి లేని ఆవాసాల పిల్లలకు రవాణా కోసం సమగ్ర శిక్షలో ఏడాదికి ఒక్కొక్కరికి 6,000 రూపాయల వరకు ఇచ్చే వీలుంది. దూరం కొలిచేటప్పుడు రోడ్డు దూరమే కాదు, మధ్యలో వాగు ఉందా, హైవే దాటాలా, ఒకటో తరగతి పాప ఒంటరిగా నడవగలదా అని కూడా రాయించండి. మ్యాపు మీద 900 మీటర్లే ఉంటుంది, ఆగస్టులో వాగు పొంగితే ఆ 900 మీటర్లు దాటలేం.

అయితే ఒక మాట. ఐదుగురు పిల్లలు, ఐదుగురూ వేర్వేరు తరగతులు, ఆడుకోవడానికి తోటివాళ్లు లేరు, అర కిలోమీటరులో నలుగురు టీచర్లున్న బడి ఉంది, దారి సురక్షితం, ఇలాంటి చోట కలపడం తప్పని నేను అనను. పిల్లలకు టీచర్ ఎంత అవసరమో, జట్టు కట్టడానికి స్నేహితులూ అంతే అవసరం.

ఆంధ్రాలో 117 జీవో తీసేశారు కదా, ఇప్పుడు అంతా పాత పద్ధతేనా?

2022 జూన్‌లో వచ్చిన ఆ జీవోతో మూడు, నాలుగు, ఐదు తరగతులను చాలాచోట్ల హైస్కూళ్లకు పంపారు, ఊళ్లో ఒకటి రెండు తరగతులు మిగిలిపోయాయి. అన్న హైస్కూలుకు, చెల్లి ఊరి బడికి అంటే చాలామంది తల్లులు ఇద్దరినీ కలిపి ప్రైవేటుకు పంపేశారు. 2025లో ఆ జీవోను పక్కన పెట్టి కొత్తగా బళ్లను విభజించారు, తరగతికో టీచర్ ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు అందులో వచ్చినవే. తరగతికో టీచర్ అన్నది నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే మాట. మోడల్ స్కూలు కాని చిన్న బళ్లకు ఇద్దరైనా ఉండేలా చూస్తేనే అది అందరికీ మంచిది అవుతుంది.

డీఎస్సీలో ఎంపికై చిన్న బడికి వచ్చాను. టెన్షన్‌గా ఉంది.

తెలంగాణలో 2024లో 11,062 పోస్టులకు, ఆంధ్రాలో 2025లో 16,347 పోస్టులకు డీఎస్సీ జరిగింది, వాళ్లలో చాలామందికి మొదటి పోస్టింగ్ మారుమూల బళ్లలోనే పడింది. టెన్షన్ సహజం తమ్ముడూ, చెల్లీ. మొదటి వారం పాఠం మొదలుపెట్టకండి. ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో రాసుకోండి. సాయంత్రం పది నిమిషాలు ఊళ్లో నడవండి. ఊళ్లో ఉంటే మరీ మంచిది, కుదరకపోతే కనీసం బస్సు టైమ్‌కు లేచిపోయే టీచర్ అనే పేరు రానివ్వకండి, ఆ పేరు వస్తే పోదు. బదిలీ పాయింట్లు లెక్కపెట్టుకోవడంలో తప్పు లేదు, అందరం లెక్కపెట్టుకున్నాం.

రెండో టీచర్ కోసం తల్లిదండ్రులుగా మేమేం చేయగలం?

ముందు బడి కమిటీలో తీర్మానం చేయించండి. చట్టం ప్రకారం కమిటీలో 75 శాతం తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మహిళలు. తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ఉంటుంది. తీర్మానంలో పిల్లల సంఖ్య, తరగతులు, మంజూరైన పోస్టులు, ఉన్న టీచర్లు, రెండో పోస్టు ఎప్పటి నుంచి లేదు, ఇవన్నీ తేదీలతో రాయండి. దాన్ని జతచేసి 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు ఫిర్యాదు ఇవ్వండి, ఎంఈవోకు ప్రతి పంపండి, రసీదు తప్పకుండా తీసుకోండి. మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది, తేలకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్లొచ్చు. టీచర్ మీద కోపంతో బడికి తాళం వేయడం మాత్రం వద్దు, ఆ వారం పిల్లలు ఇంట్లో కూర్చుంటారు, ఇద్దరు ముగ్గురు తిరిగి రారు.

రెండో టీచర్ వస్తేనే మా పిల్లల్ని పంపుతాం అంటే తప్పా?

తప్పు కాదు. మీ స్థానంలో నేనున్నా అదే అనుకుంటానేమో. కానీ ఆ మాట ఇంట్లో అనుకుని ఊరుకోకుండా కాగితం మీద పెట్టండి. 11 మందికి పడిపోయిందని చెప్పానే, ఆ బడిలో చివరికి జరిగింది అదే. ఆరుగురు తల్లులు కలిసి కూర్చుని, రెండో టీచర్ని ఇస్తే ఫలానా పిల్లల్ని ఫలానా తరగతుల్లో చేరుస్తామని పేర్లతో సహా రాసి, సంతకాలు, వేలిముద్రలు పెట్టి ఇచ్చారు. నేను రెండేళ్లుగా రాసిన దరఖాస్తులకు కదలనిది ఆ కాగితానికి కదిలింది, జులైలో ఒక మేడమ్‌ని డిప్యుటేషన్ మీద పంపారు. ఆరుగురిలో ఐదుగురు పిల్లలు చేరారు. ఆరో పాప ఇప్పటికీ వాళ్ల అన్నతో కలిసి వ్యాన్‌లోనే వెళ్తోంది, వాళ్లమ్మ మాత్రం ఆ బడి మీటింగులకు వస్తూనే ఉంది.